తెలియని రాశి – మన ఇంటి లెక్క

ఉగాది సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని సంఘం పెద్దలు అడిగినప్పుడు నేను జంకినాను. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పనికి కుదిరినవాణ్ణి. ఇటువంటి సంచికలలో విశ్వనాథ నాయకుని పరాక్రమాన్ని గురించి, తిరుమల నాయకుని మహలును గురించి, రాణి మంగమ్మ దానధర్మాలను గురించి పెద్దలు ఎంతో చక్కగా వ్రాసి ఉన్నారు. వారి సరసన కూర్చునే అర్హత నాకు లేదు. కాబట్టి రాజుల కథ వదలి ఒక చిన్న లెక్క కథ చెప్పుకుంటాను. అయితే ఆ లెక్క వెంట నడచిపోతే రాజులు కూడా దారిలో ఎదురవుతారు. అది నా తప్పు కాదు.

ఏడవ తరగతి చదివే మా అమ్మాయి ఒకనాటి సాయంకాలం లెక్కల నోటు పుస్తకం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "నాయనా, ఈ సమన్‌పాడు తప్పని కొట్టివేసినారు. ఎందుకు తప్పో చెప్పు" అన్నది. సమన్‌పాడు అంటే తమిళంలో సమీకరణం. కోయంబత్తూరులో పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలుగు మాట వచ్చును గాని తెలుగు అక్షరం రాదు. శాస్త్రాల పేర్లన్నీ వారికి తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తవి.

లెక్క చిన్నదే. ఒక తెలియని సంఖ్యను నాలుగుతో గుణిస్తే 48 వచ్చింది. ఆ సంఖ్య ఎంత? మా అమ్మాయి 44 అని వ్రాసింది. "నాలుగును అటు పక్కకు పంపితే గుర్తు మారాలి గదా, అందుకని 48లోనుంచి 4 తీసివేసినాను" అని తన వాదం వినిపించింది.

నిజం చెప్పవలెనంటే ఆ పాఠమే నేనూ చదువుకున్నాను. పక్షం మారితే గుర్తు మారును, కూడిక తీసివేత అగును, గుణకారం భాగహారం అగును అని చిలుక వలె వల్లించి పరీక్ష గట్టెక్కినాను. ఎందుకు మారవలెనో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్లకు కన్నకూతురు అడిగితే, "అక్కడ భాగించవలెనమ్మా, రూలు అంతే" అన్నాను. అది విని ఆ పిల్ల మారుమాట చెప్పకుండా పుస్తకం మూసుకొని వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అప్పుడు మా అవ్వ జ్ఞాపకం వచ్చింది. ఆమెకు వ్రాయనూ చదవనూ రాదు. పెరటిలో ఒక నిమ్మచెట్టు ఉండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఒరే అబ్బాయీ, పొద్దున బుట్టలో కాయలెన్ని ఉండినవో నేను ఎంచలేదు. ఎదురింటికి ఏడు ఇచ్చినాను. ఇప్పుడు పదిహేను ఉన్నవి. ముందు ఎన్ని ఉండినట్టురా?" అని అడిగేది. నేను వ్రేళ్లు మడుస్తూ తడబడితే, "ఇచ్చినవాటిని మళ్లీ బుట్టలో వేసి చూడరా" అనేది. పదిహేను, ఏడు, ఇరవైరెండు! అంతే. పక్షం లేదు, గుర్తు లేదు. ఏం జరిగిందో దానిని వెనక్కు తిప్పడమే లెక్క.

అవ్వ చెప్పిన ఈ మాటే ఆర్యభటుడు చెప్పినాడని తరువాత పుస్తకాలు తిరగవేస్తే తెలిసినది. 476లో పుట్టిన ఆ మహానుభావుడు 499లో, తన ఇరవైమూడవ ఏట, ఆర్యభటీయం రచించినాడు. అందులోని గణితపాదంలో విలోమ విధి అని ఒకటి ఉన్నది. వెనక్కు నడిచేటప్పుడు గుణకారం భాగహారం అవుతుంది, భాగహారం గుణకారం అవుతుంది, కలిపినది తీసివేత అవుతుంది, తీసివేసినది కలపడం అవుతుంది అని దాని సారాంశం. మనం వల్లించిన రూలు ఇదే గాని, ఇక్కడ కారణం కూడా ఉన్నది. వచ్చిన దారినే వెనక్కు పోవుట దాని కారణం.

తరువాత 628లో బ్రహ్మగుప్తుడు తెలియని రాశిని అవ్యక్తమని పిలిచి, దానితో లెక్కలు చేసే పద్ధతిని విస్తరించినాడు. మన పెద్దలు ఆ తెలియనిదానికి యావత్తావత్ అని పేరు పెట్టినారు. ఎంత ఉంటే అంత అని అర్థం. తెలియనివి ఒకటికి మించి ఉంటే నలుపు, నీలం, పసుపు అని రంగుల పేర్లు పెట్టినారు. బాగ్దాదు నగరంలో సుమారు 820 ప్రాంతాన అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథం పేరులోని అల్ జబ్ర్ అనే మాటనుంచి ఆల్జీబ్రా అనే పేరు వచ్చింది. లోపించినదాన్ని తిరిగి పూరించుట అని దాని అర్థం. ఇచ్చినవాటిని మళ్లీ బుట్టలో వేయడం కాక అది మరేమిటి?

ఇక మన తెలుగుకు వస్తాను. కన్నడ దేశాన్ని రాష్ట్రకూట అమోఘవర్షుడు ఏలే కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం వ్రాసినాడు. దానిని 1912లో మద్రాసులో రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించినారు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చి సారసంగ్రహ గణితమని పేరు పెట్టినాడు. మల్లన 11వ శతాబ్దంవాడని, రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కాలంవాడని పెద్దలు చెబుతారు. నన్నయభట్టు భారతం తెనిగించిన కొలువు కూడా అదే. అంటే మన భాషలో కావ్యం పుట్టిన రోజులలోనే లెక్కల పుస్తకం కూడా పుట్టినదన్నమాట.

ఇక్కడ తమిళనాట ఉన్న మనం గుర్తుంచుకోదగిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ రాజరాజ నరేంద్రుని తల్లి కుందవ, తంజావూరు రాజరాజ చోళుని కుమార్తె. ఆయన భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుని కుమార్తె. ఆయన కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగ చోళుడు. తమిళ ఆడపడుచులు మెట్టిన ఇంట తెలుగు అక్షరం పెరిగినది. కనుక తమిళం మధ్య తెలుగు బ్రతకడం నిన్న మొన్నటి వింత కాదు.

ఆ తరువాత విజయనగరం రాజుల వెంట మనవారు దక్షిణానికి దిగినారు. సుమారు 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యానికి పునాది వేసినాడు. అరియనాథ మొదలియారు తోడ్పాటుతో దేశాన్ని 72 పాలెములుగా ఏర్పాటు చేసినారని ప్రసిద్ధి. కోయంబత్తూరు సీమ కూడా ఆ రాజ్యంలోనిదే. పాలెగాడు రాబడిలో మూడో వంతు మధురకు కట్టవలెనని, మూడో వంతు సైన్యానికి, మిగిలినది తనకు అని చరిత్రకారులు చెబుతారు. ఒక పాలెగాడు 4,000 వరహాలు కట్టినాడని అనుకుందాము. అతని మొత్తం రాబడి ఎంత? మూడింట భాగించగా వచ్చినది 4,000. వెనక్కు తిప్పితే మూడుతో గుణించవలెను, 12,000. ఏ లెక్క వ్రాసే రాయసకాడూ దీనికి ఎక్స్ అని పెట్టి ఉండడు.

ఎట్లా పెడతాడు? సమానం అనడానికి ఈనాడు మన పిల్లలు వ్రాసే రెండు అడ్డగీతలను ఇంగ్లండులో రాబర్ట్ రికార్డు అనే ఆయన 1557లో మొదట అచ్చులో వాడినాడు. అప్పుడు మధురలో నాయకుల ఏలుబడి సాగుతూనే ఉన్నది. తెలియని రాశికి ఎక్స్ అనే అక్షరం వాడుక డేకార్టు అనే ఫ్రెంచి పండితుని 1637 నాటి గ్రంథంతో నెలకొన్నది. తిరుమల నాయకుని మహలు 1636లో కట్టినదని చెబుతారు. అంటే మధుర మహలూ ఎక్సూ ఒక ఈడువి! మహలు స్తంభాల ముందు నిలబడి ఈ మాట చెబితే మా అమ్మాయి పక్కున నవ్వింది. కాని ఆనాటినుంచి ఎక్స్ అంటే దానికి భయం తగ్గినది. అక్షరం కొత్తది, లెక్క పాతది అని దానికి అర్థమైనది.

ఇక గుర్తు ఎందుకు మారుతుందో చెప్పడానికి నాకు పనికివచ్చినది పత్తి తక్కెడ. కోయంబత్తూరు చుట్టుపట్ల, దక్షిణాన సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి పండించిన రైతులలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. కోయంబత్తూరు మిల్లులూరుగా పేరుపొందినది ఆ పత్తి వల్లనే. పత్తి నింపిన గోనె 52 కిలోలు తూగినది, ఖాళీ గోనె 2 కిలోలు. పత్తి ఎంత? తక్కెడకు ఒక పక్క పత్తీ గోనే, మరొక పక్క 52 కిలోల రాళ్లు. ఇటునుంచి గోనె తీసినామా, ముల్లు సమంగా నిలవాలంటే అటునుంచి 2 కిలోల రాళ్లు తీయవలెను. రెండు పక్కలా ఒకే పని చేసినాము. పైకి చూసేవారికి రెండు అటు పోయి గుర్తు మార్చుకున్నట్టు కనబడుతుంది. నిజానికి ఏదీ ఎక్కడికీ పోలేదు.

మధుర రైల్వే స్టేషనులో దిగి బయటకు వస్తే ఎదుటనే మంగమ్మ సత్రం కనబడుతుంది. 1689నుంచి పిల్లవాడైన మనుమని తరఫున రాజ్యం నడిపిన ఆ తల్లి బాటలకూ సత్రాలకూ పేరుపొందినది. ఆనాటి సత్రంలో మనిషికి 2 సోలల చొప్పున వండితే 180 సోలల బియ్యం పట్టినదని అనుకుందాము. ఎంతమంది తిన్నారు? 180లోనుంచి 2 తీసివేస్తే 178 మంది అని ఏ వంటవాడైనా అంటాడా? రెండేసి సోలల కుప్పలు పోసి కుప్పలెన్నో ఎంచుతాడు; 90 మంది. మా అమ్మాయి తప్పు ఇక్కడ బయటపడినది. దాని నాలుగు 48లో కలిసిన నాలుగు కాదు, నాలుగు సార్లు అనే నాలుగు. కనుక 48ని నాలుగు సమభాగాలు చేయవలెను, జవాబు 12.

మా ఆఫీసులోనూ ఇదే కథ. కంప్యూటరు రాకముందు అట్ట టికెట్ల కాలంలో, ఉదయం మొదటి టికెట్టు నంబరు, షిఫ్టు చివర మిగిలిన టికెట్టు నంబరు డి.టి.సి. పుస్తకంలో ఎక్కించేవారు. మొదటి నంబరు 4128, ముగింపు నంబరు 4203 అయితే, 4128కి ఎంత కలిస్తే 4203 అవుతుంది? 75 టికెట్లు అమ్మినట్టు. పాతతరం గుమాస్తాలు వేలకొలది సమీకరణాలు సాధించి పెన్షను పుచ్చుకున్నారు. తాము బీజగణితం చేస్తున్నామని వారికి తెలియదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పవలెను. 50 రూపాయలిచ్చి సరుకు కొంటే 18 తిరిగి వచ్చినది. ఖర్చెంత? తీసివేత ఉన్నది గదా అని 50నీ 18నీ కలిపితే 68 వస్తుంది. ఇచ్చినదాని కంటే ఖర్చు ఎక్కువైపోతుంది! ఇక్కడ తెలియనిది బుట్ట కాదు, బుట్టలోనుంచి పోయినది. కాబట్టి 50లో 18 పోగా 32. అందుకే జవాబు వచ్చిన తరువాత దానిని మళ్లీ లెక్కలో పెట్టి సరిచూసుకొనుట తప్పనిసరి.

ఒక్క మెట్టు వచ్చినవానికి పది మెట్లూ వచ్చినట్టే. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతాన వ్రాసిన లీలావతిలో ఒక గొలుసు లెక్క ఉన్నది. ఒక సంఖ్యను మూడుతో గుణించి, వచ్చినదానికి దాని ముక్కాలు వంతు కలిపి, ఏడుతో భాగించి, అందులో మూడో వంతు తీసివేసి, వర్గం చేసి, 52 తీసివేసి, వర్గమూలం తీసి, 8 కలిపి, పదితో భాగిస్తే 2 వస్తుంది. చదివితే తల తిరుగుతుంది. కొసనుంచి వెనక్కు రండి: 2 పదులు 20; 8 పోతే 12; దాని వర్గం 144; 52 కలిస్తే 196; మూలం 14; మూడో వంతు పోయి 14 మిగిలినదంటే అంతకు ముందు 21; ఏడుతో గుణిస్తే 147; అది ముక్కాలు వంతు కలిసినది గనుక అసలు 84; మూడుతో భాగిస్తే 28. మా అమ్మాయి దీనిని వ్రేలితో ఒక్కొక్క మెట్టే దిగుతూ సాధించిన రోజున మా ఇంట పండుగే.

సోదర సోదరీమణులారా! ఈ సంచికలో ఇది వ్రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. నేను కౌంటరులో తమిళంలో మాట్లాడుతాను, ఇంగ్లీషులో వ్రాస్తాను, చిల్లర ఎంచేది మాత్రం లోలోపల తెలుగులో. మా అవ్వ నోటినుంచి వచ్చిన ఒకటి రెండ్లే అవి. మా అమ్మాయి అట్లా కాదు. అది మనసులో ఎంచేది ఇంగ్లీషులో. మనిషి లోలోపల లెక్కపెట్టే భాష పోయిననాడు ఆ ఇంటిలో భాష సగం పోయినట్టే. బడిలో ఏ భాషలో చదివినా మంచిదే. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానిమీద నాకు కించిత్తు కూడా ఫిర్యాదు లేదు. కాని సాయంకాలం ఒక్క పావుగంట, పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, బుట్టలో కాయలెన్ని ఉండినవో తెలుగులో అడగడానికి ఏ బడీ అడ్డు రాదు. దానికి అక్షరం కూడా అక్కరలేదు. మా అవ్వకు లేదు గదా!

ఇప్పుడు మా ఇంట రాత్రి భోజనాల తరువాత ఒక లెక్క నేను అడుగుతాను, ఒక లెక్క మా అమ్మాయి అడుగుతుంది. మొన్న అది అడిగినది: "నాయనా, అవ్వ నీకు కొన్ని లెక్కలు నేర్పింది. అందులో నువ్వు నాకు ఇరవై చెప్పినావు. ఇంకా ఐదు మిగిలినవని అంటున్నావు. అవ్వ ఎన్ని నేర్పినట్టు?" ఇరవై ఐదు అన్నాను. "ఆ ఐదూ ఎప్పుడు చెబుతావు?" అన్నది.

ఈ ఉగాదికి మీ ఇంట కూడా అటువంటి బాకీలు ఉంటే తీర్చుకోండి. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.