అంతర్జాలంలో మార్గ నిర్ణయం: ‘రాన్’ ప్రయోగం, దాని చారిత్రక నేపథ్యం

అంతర్జాలం వేలకొలది స్వతంత్ర నెట్‌వర్కుల కూర్పు. ఒక నెట్‌వర్కు నుండి మరొక దానికి సమాచారం ఏ దారిన పోవాలో తేల్చేది బార్డర్ గేట్‌వే ప్రోటోకాల్, అనగా బీజీపీ. 1989లో కిర్క్ లోహీడ్, యాకోవ్ రెఖ్టర్ దీనికి రూపమిచ్చారు. తొలి ఊహను భోజనాల బల్ల వద్ద కాగితపు రుమాళ్లపై గీసినందున దీనికి ‘మూడు రుమాళ్ల ప్రోటోకాల్’ అనే ముద్దుపేరు కూడా ఏర్పడింది. దారి ఉన్నదా, దానిని వాడుకొనడానికి ఒప్పందం అనుమతిస్తుందా అన్నవే బీజీపీకి ముఖ్యం. ఆ దారిలో ఎంత సమాచారం నష్టపోతున్నదో, ఎంత ఆలస్యం జరుగుతున్నదో అది కొలవదు. ఇంత విశాలమైన వ్యవస్థను అది మోయగలగడానికి ఈ ఉదాసీనతే ఒక కారణం.

ఈ ఉదాసీనతకు చెల్లించిన మూల్యం 1990ల చివర బయటపడింది. 1997 ఏప్రిల్ 25న ఒకే ఒక రౌటరు వెలువరించిన తప్పుడు మార్గ ప్రకటనలు అంతర్జాలంలో పెద్ద భాగాన్ని స్తంభింపజేశాయి. లోపం తలెత్తిన తరువాత బీజీపీ కొత్త మార్గంపై స్థిరపడడానికి సగటున 3 నిమిషాలు, ఒక్కొక్కప్పుడు 15 నిమిషాల వరకు పడుతున్నదని 2000లో క్రెయిగ్ లాబోవిట్జ్ బృందం నిరూపించింది. ఈ-మెయిలుకు 3 నిమిషాలు లెక్కలోనివి కావు. పలు ఊళ్లలోని యంత్రాలు కలిసి నడిపే అనువర్తనానికి మాత్రం అది పని ఆగిపోవడమే.

ఎం.ఐ.టి.కి చెందిన డేవిడ్ ఆండర్సన్, హరి బాలకృష్ణన్, ఫ్రాన్స్ కాషోక్, రాబర్ట్ మోరిస్ 2001లో ప్రతిపాదించిన ‘రెజిలియెంట్ ఓవర్‌లే నెట్‌వర్క్’, క్లుప్తంగా ‘రాన్’, బీజీపీని సంస్కరించే ప్రయత్నం కాదు. అనువర్తనంలో పాల్గొనే యంత్రాలే ఒకదానికొకటి పరీక్షా సందేశాలు పంపుకొని, నేరు దారి చెడినప్పుడు తమలో ఒకదాని మీదుగా సమాచారాన్ని మళ్లిస్తాయి. అదే ఏడాది మార్చిలో 12 యంత్రాల మధ్య 132 మార్గాలను 64 గంటలపాటు పరిశీలించగా, అరగంటకు మించిన అంతరాయాలు 32 కనిపించాయి. అన్నింటినీ ‘రాన్’ సగటున 20 సెకన్లలోపే తప్పించుకొన్నది. చాలా సందర్భాలలో ఒక్క మధ్యవర్తి యంత్రం చాలింది. అంటే ప్రత్యామ్నాయ మార్గాలు ముందునుండీ ఉన్నవే; వాటిని చూసే కన్ను మాత్రం బీజీపీకి లేదు.

అయితే ఈ ఫలితాన్ని అతిగా చదవరాదు. 16 యంత్రాలతో జరిపిన రెండవ పరిశీలనలో పూర్తి అంతరాయాలలో సుమారు 60 శాతాన్ని మాత్రమే దాటగలిగారు. ప్రతి యంత్రమూ మిగిలిన అన్నింటినీ పరీక్షించవలసి ఉన్నందున, సంఖ్య కొన్ని పదులు దాటితే ఆ పరీక్షల భారమే మోయరానిదవుతుంది. అంతకంటె చిక్కైనది అధికార ప్రశ్న: ఒప్పందాలు మూసిన దారిని అనువర్తనం దొడ్డిదారిన తెరవవచ్చునా? పరిశోధకులు దీనిని దాటవేయలేదు. విశ్వవిద్యాలయాల కోసం ఏర్పడిన ఇంటర్నెట్2 మీదుగా వాణిజ్య కేంద్రాల సమాచారం పోరాదన్న నిబంధనను తమ మార్గ నిర్ణయంలోనే పొందుపరచి, ఆ పరిమితికి లోబడియే ఈ కొలతలు తీశారు.