వెలుగు విద్య మనకు పరాయిది కాదు

"సైన్సు మనకెందుకు మాస్టర్ సాబ్, పదో క్లాసు చాలు" అని మేళ్లచెరువులో కొందరు తల్లిదండ్రులు అంటుంటారు. వారికి మా జవాబు ఇది.

కంటి నుంచి కిరణాలు వెళ్లి వస్తువును తాకితేనే చూపు అని గ్రీకు పండితుడు టాలెమీ నమ్మాడు. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ కాదన్నారు. వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని పరీక్షలు చేసి, 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాలుగా రాశారు.

హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతంగారు 1928లో కలకత్తా వెళ్లి, సి.వి. రామన్‌గారి వద్ద కాంతి పరిశోధనలో చేరారు. 1952లో ఉస్మానియా వైస్ ఛాన్సలరయ్యారు.

1960లో లేజర్ వచ్చింది. నేడు షుగర్ జబ్బుతో చెడిన కంటి పొరను కాంతితోనే పరీక్షించి, లేజర్‌తో చికిత్స చేస్తున్నారు.

బస్రాలో అడిగిన ప్రశ్నే ఇంతదూరం వచ్చింది. మన పిల్లల్ని, ఆడపిల్లల్ని కూడా, పదితో ఆపకండి.