మూలనపడిన టేపు యంత్రం – మౌఖిక పాఠ పరిష్కరణ

టేపు రికార్డరు రాకతో మౌఖిక సాహిత్య పరిశోధనలో గాయకుని కంఠమే మూలప్రతి అయింది. 1982లో వెలువడిన జీన్ రోగేర్ గ్రంథం ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’కు అలిసెట్టి గాలెయ్య పాడగా టేపుపై నమోదైన పాఠమే ఆధారం. పరిశోధకుల ఇళ్లలో మిగిలిన ఇటువంటి టేపులు యంత్రం లేనిదే మూగవి.

ఏళ్లుగా వాడని యంత్రాన్ని ఇంటి స్టూడియోలో తిరిగి నెలకొల్పడానికి ఒక క్రమం ఉంది. సాగిన బెల్టులను, గట్టిపడిన రబ్బరు రోలరును మార్చాలి. టేపు హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచి, వాటిలో నిలిచిన అయస్కాంతత్వాన్ని తొలగించాలి. తొలి పరీక్షకు పనికిరాని టేపునే వాడాలి; ఏకైక ప్రతిని వాడరాదు. 1970, 80 దశకాల్లో తయారైన కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి మెత్తబడుతుంది. అలాగే నడిపితే పూతతోపాటు పాట కూడా రాలిపోతుంది.

వేగం మరింత కీలకం. సెకనుకు 3.75 అంగుళాల వేగంతో నమోదైన పాటను 7.5 అంగుళాల వేగంతో నడిపితే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది, లయ రెట్టింపవుతుంది. ఆ దోషం వెంటనే తెలుస్తుంది. స్వల్పమైన తేడా మాత్రం గుర్తింపునకు రాకుండానే గాయకుని శ్రుతిగా గ్రంథస్థమవుతుంది.

కావున యంత్రాన్ని సరిచేయడం పాఠ పరిష్కరణలో తొలి మెట్టు. తాళపత్ర పరిష్కర్తలు పాఠాంతరాలను చూపినట్లే, వాడిన యంత్రాన్ని, వేగాన్ని, చేసిన సవరణలను డిజిటల్ ప్రతితోపాటు పేర్కొనడం పరిశోధకుని బాధ్యత.