కణుజు షికారుకి దుర్బిణి ఎందుకు కుదరలేదు?



దుర్బిణి అనే మాట మనదే. ఫార్సీలో దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. దూర్‌బీన్. అది ఉర్దూలోకి, అక్కడినుంచి తెలుగులోకి వచ్చి దుర్బిణి అయింది. తుపాకి కూడా తుర్కీ, ఫార్సీల మీదుగా వచ్చిన మాటే. బందూకు అరబీ మాట. అరబీలో బుందుఖ్ అంటే ఒక రకం గింజకాయ. ఆ ఆకారంలో మట్టితో చేసి విల్లుతో కొట్టే ఉండకీ అదే పేరు పెట్టారు, తరవాత సీసం గోలీకి, ఆఖరికి గోలీ పేల్చే సామానుకీ అదే పేరైంది. ఈ బుందుఖ్ సంగతి గుర్తుంచుకోండి, కిందకి వెళ్ళాక మళ్ళీ కావాలి.

మాటలన్నీ ఇంటి దాకా వచ్చాయి గానీ, బందూకు మీద దుర్బిణి బిగించుకుని కొండల్లో షికారు చేసే రివాజు మాత్రం మన గోదావరి వైపు ఎందుకు పాతుకోలేదు? ఇవాళ అమెరికాలో కొండల మీద ఎల్క్ వేటకి వెళ్ళేవాడు ముందు అడిగేది ఏ స్కోపు కొనాలి అని. మన కొండల్లో అదే సవాలు వేసుకుంటే జవాబు వేరేగా వస్తుంది.

మొదట ఎల్క్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. యూరపులో ఆ పేరు ఒక జంతువుది. అమెరికాలో అదే పేరు ఇంకో పెద్ద దుప్పిది, దాని అస్లీ పేరు వాపిటి. ఇక మద్రాసు ప్రెసిడెన్సీలోనూ సిలోనులోనూ తెల్ల దొరలు ఎల్క్ అని పిలిచింది మన కణుజుని. సాంబర్ అంటామే, అదే. 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ మాటల కోశంలో ఈ పేరు పెట్టడం బొత్తిగా కుదరని పని అని రాసి మరీ ఎక్కించారు. అయినా దొరలు మానలేదు. సిలోనులో నువారా ఎలియా దగ్గర ఎల్క్ ప్లెయిన్స్ అని ఊరి పేరే ఉండిపోయింది. కాబట్టి కొండల్లో ఎల్క్ షికారు అన్నది మనకి పరాయి ముచ్చట కాదు. మా కడియం నర్సరీల మధ్య నుంచి చూస్తే కొండ కనిపించదు. అంతా కాలవలు, పూలమొక్కలు, ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు. కానీ రాజమండ్రి దాటి గోకవరం మీదుగా రంపచోడవరం వైపు వెళ్తే కొండలు మొదలవుతాయి. అటు పడమటి వైపు పాపికొండలు. కణుజు ఉండేది అక్కడ.

నిండుగా ఎదిగిన మగ కణుజు రెండొందల కిలోలు దాటి తూగుతుంది. ఒక్కో కొమ్ముకి మూడేసి మొనలు. పగలంతా గుబురులో పడుకుని పొద్దు గుంకే వేళ లేస్తుంది. పులి వాసన తగిలితే ధాంక్ ధాంక్ అని అడవంతా మోగేలా అరుస్తుంది. దీనికి ఇంకో ఆదత్ ఉంది. రేచుకుక్కలు తరిమినా, దెబ్బ తగిలినా నీళ్ళ వైపు పరిగెడుతుంది. వాగులో మెడ దాకా దిగి నిలబడుతుంది. షికారీకి ఈ అలవాటు ఎంత ముష్కిల్ తెస్తుందో చెప్తాను.

ముందు దుర్బిణి తారీఖ్. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్ను అల్ హైసమ్ వెయ్యేళ్ళ కింద, 1011కీ 1021కీ మధ్య, కితాబుల్ మనాజిర్ రాశారు. నిగాహ్ కంట్లోంచి బయటికి వెళ్ళి వస్తువుని తాకదు, వస్తువు మీద పడ్డ రోష్నీయే కంట్లోకి వస్తుందని అందులో తజుర్బాలతో చూపించారు. ఆ కితాబు లాటిన్‌లోకి వెళ్ళింది, 1572లో అచ్చయింది. దాన్ని శ్రద్ధగా చదివినవాళ్ళలో కెప్లర్ ఒకడు. 1611లో ఆయన చెప్పిన రెండు కుంభాకార అద్దాల దుర్బిణి బొమ్మని తలకిందులు చేసి చూపిస్తుంది. మధ్యలో ఇంకో జత అద్దాలు పెట్టి బొమ్మని నిలబెడితే అదే ఈనాటి రైఫిల్ స్కోపు. గురి కోసం అడ్డగీత, నిలువుగీత కావాలి కదా, పాత రోజుల్లో దానికి సాలీడు దారం వాడేవారు.

దాన్ని బందూకుకి బిగించినవాళ్ళ కహానీలో హిందుస్తాన్ కూడా ఉంది. బొంబాయి ఫౌజులో నౌకరీ చేసిన డేవిడ్సన్ అనే అఫ్సర్ చేయించిన ఇత్తడి గొట్టం దుర్బిణినే 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది షార్ప్‌షూటర్లు విట్‌వర్త్ రైఫిల్ మీద వాడారు. దాన్ని నాలి పైన కాదు, ఎడమ పక్కన బిగించేవారు. పైనున్న మామూలు గురి అలాగే పనికొచ్చేది. తరవాత 1900 ప్రాంతంలో వియన్నాలోని కాలెస్ కంపెనీ టెలోరార్ అని షికారీల కోసమే ఒకటి తెచ్చింది. అదే వియన్నా షహజాదా ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893లో హైదరాబాదు వచ్చి నిజాం గారి ఇలాఖాలో షికారు చేసి వెళ్ళాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండలో పులిని కొట్టి పక్కన నిలబడితే రాజా దీన్ దయాళ్ స్టూడియో ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ దొరుకుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గురి గురించి జనం నోట బోలెడు కిస్సాలు. ఈ షికార్లన్నీ మచాన్ మీద నుంచో, ఏనుగు అంబారీ మీద నుంచో. ముందు హాంకా కొట్టే వందలమంది జానవర్‌ని తరుముకొస్తారు. అది ముప్పై, నలభై గజాల్లోకి వచ్చాక పేలుస్తారు. అంత దగ్గరికి దుర్బిణి దేనికి?

మన షికారీల దగ్గర గురికి వేరే జబాన్ ఉండేది. నాలి కొసన ఉన్న చిన్న బొడిపె మక్ఖీ, అంటే ఈగ. వెనక గాటు దీద్‌బాన్, అంటే కాపలా చూసేవాడు. రెండింటినీ కలిపి జానవర్ మీద నిలపడం షిస్త్ బాంధ్‌నా. ఘోడా అంటే సుత్తి, లబ్‌లబీ అంటే వేలితో నొక్కేది, కుందా అంటే భుజానికి ఆనే కొయ్య. ఇంత లుగత్ ఉండగా బందూకు మీది దుర్బిణికి మాత్రం వేరే పేరు పుట్టలేదు. వాడకం లేనిదానికి పేరెవరు పెడతారు?

అసలు బందూకే అందరికీ ఎక్కడిది? 1878 ఆయుధాల చట్టం వచ్చాక హిందుస్తానీలకి లైసెన్సు లేకుండా తుపాకీ ఉంటే జుర్మ్. యూరోపియన్లకి మినహాయింపు. మరుసటి ఏడాదే, 1879లో, రంపలో పితూరీ లేచింది. ఆ మాట కూడా మన ఫితూరే. చట్టం వల్ల లేచిందని నేననను. దాని వెనక కల్లు మీద పన్ను, ముత్తాదార్ల గొడవ, అటవీ ఆంక్షలు ఉన్నాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు ఎత్తుకెళ్ళింది కూడా కొండలో బందూకు దొరకని జమానా కాబట్టే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అఫ్సర్లు చనిపోయారు. కాచుకున్నవాళ్ళు చెట్ల చాటున ఎంత దగ్గరగా ఉన్నా పైకి తెలియని కొండలవి. (రాజుకి పైడిపుట్టలో భూమి ఇప్పించిన పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్ సాబ్ కహానీ వేరే రాయాలి, ఇక్కడ ఇమడదు.)

ఆ అడవిలో వెదురు, మద్ది, తీగలు. యాభై గజాల అవతల కణుజు ఉంటే చెవి కనిపిస్తుంది, ఒళ్ళు కనిపించదు. పది రెట్లు పెద్దది చేసి చూపించే గొట్టం పెట్టుకుంటే కంటినిండా ఆకులే. పైగా కణుజు లేచేది చీకటి పడుతుండగా. ఇక్కడ ఒక చిన్న హిసాబ్ ఉంది, స్కోపు కొనేవాళ్ళెవరికైనా పనికొస్తుంది. ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లని, ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో ఆ అంకెతో భాగించండి. వచ్చింది కంటికి చేరే రోష్నీ చుక్క వెడల్పు. 32 మిల్లీమీటర్ల అద్దం, 4 రెట్లు అయితే 8 మిల్లీమీటర్లు. కుర్రవాడి కంటిపాప చీకట్లో 7 దాకా విచ్చుకుంటుంది, కాబట్టి సరిపోయి మిగిలింది. అదే అద్దాన్ని 10 రెట్లకి లాగితే చుక్క మూడింటికి పడిపోతుంది, మసక వేళ నల్లగా కనిపిస్తుంది. అందుకని పొద్దు గుంకే వేటకి పెద్ద అంకె మంచిదనుకోవడం ధోకా. అద్దం మీద మెరుపు తగ్గించే పూత 1935లో జైస్ కంపెనీలో స్మాకులా కనిపెట్టే దాకా ప్రతి అద్దం దగ్గరా కొంత రోష్నీ వెనక్కి పోయేది. గొట్టంలోకి తేమ దూరకుండా నైట్రోజన్ నింపడం అమెరికాలో ల్యూపోల్డ్ వాళ్ళు 1940లలో మొదలెట్టారు. అంతకు ముందు దుర్బిణిని గోదావరి వానాకాలంలో పెట్టి చూడండి. లోపల ఆవిరి పట్టి, తరవాత బూజు పట్టి, ఇత్తడి గొట్టం ఒకటి మిగులుతుంది.

బొలారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణాది అడవుల్లో మనుషుల్ని తినే పులుల్ని వేటాడి కితాబులు రాశాడు. ఆయన వాడింది 405 వించెస్టర్. రాత్రి కాపుకి దాని మీద బిగించింది టార్చి లైటు. ఆ అడవుల్లో కావలసింది వెలుతురే, ఫాసలా కాదు.

ఇదంతా అడవి సంగతి. మన ఇళ్ళల్లో షికారు చేసినవాళ్ళకి ఇంకో సంగతి ఉంది, ఛురీ.

హాతిమ్ తాయి పేరు తెలియని ముసల్మాన్ ఇల్లుండదు. ఆయన కొడుకు అదీ బిన్ హాతిమ్ సహాబీ, షికారీ కూడా. షికారు మస్లాలు ఎక్కువగా ఆయన రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం)ని అడిగిన సవాళ్ళ నుంచే వచ్చాయి. బాణం బిస్మిల్లాతో వదిలి, మొన గుచ్చుకుని చంపితే తినొచ్చు. అడ్డంగా తగిలి నలగ్గొట్టి చంపితే వద్దు. దెబ్బ తిన్న జానవర్ నీళ్ళలో పడి చచ్చి దొరికితే వద్దు, ఎందుకంటే బాణం చంపిందో నీళ్ళు చంపాయో తెలియదు. ఇప్పుడు కణుజు ఆదత్ గుర్తు తెచ్చుకోండి. దెబ్బ తగలగానే వాగు వైపే పోతుంది.

ఇక బుందుఖ్. పాత ఫఖీహులు మట్టి ఉండతో చచ్చినదాన్ని నలిగి చచ్చినదాని కింద లెక్కేశారు. సీసం గోలీ వచ్చాక ఆ మాటే దాని మీదికి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో దమిష్క్‌లో హనఫీ ఆలిమ్ ఇబ్ను ఆబిదీన్ గోలీ కోసి చంపదు, కాల్చి, జోరుతో చొచ్చుకుపోయి చంపుతుంది అన్నారు. దాదాపు అదే కాలంలో యమన్‌లో షౌకానీ గోలీ దూసుకుపోతుంది గనక అది బాణం లాంటిదే, హలాల్ అన్నారు. మన వైపు ఎక్కువమంది హనఫీలు. అందుకని పేల్చాక పరుగు. జాన్ ఉండగానే చేరి బిస్మిల్లా అని జబహ్ చేస్తేనే దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది. ఫత్వా కోసం మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి, నేను తారీఖ్ మాత్రమే రాస్తున్నాను.

ఈ కాయిదా ఉన్నవాడికి దుర్బిణి ఉల్టా సామాను. అది పెంచేది ఫాసలా. నాలుగు వందల గజాల నుంచి లోయ అవతల కొట్టగలిగినా, ఆ లోయ దిగి ఎక్కి చేరేసరికి గోష్త్ హరామ్. ముప్పై గజాల్లో మక్ఖీతో కొట్టి, పదడుగుల్లో మోకాలు ఆన్చి ఛురీ పెట్టేవాడికి అద్దాలతో పనేముంది? విచిత్రం ఏమిటంటే, సిలోను కొండల్లో ఎల్క్ షికారుకి పేరుపడ్డ శామ్యూల్ బేకర్ కూడా 1850 ప్రాంతంలో దాన్ని కుక్కలతో తరిమి, వాగులో నిలబడ్డాక ఛురీతోనే పొడిచేవాడు. ఆయనది తమాషా, ఖేల్. వట్టి ఖేల్ కోసం జాన్ ఉన్నదాన్ని నిషానా చేసుకోవడం మన దగ్గర మనా. ఇద్దరి చేతిలోనూ ఛురీయే, మతలబు వేరు.

1972 వన్యప్రాణుల చట్టం కింద ఇప్పుడు ఇక్కడ కణుజు షికారు మనా. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. ఇప్పుడు కణుజు మాంసం దొరికిందని ఎవరైనా ఇంటికి తెస్తే గుమ్మం దాటనివ్వకండి. హలాల్, హరామ్ మాట తరవాత, ముందు జైలు.

కొలరాడో లాంటి చోట పర్మిట్ తీసుకుని వాపిటి వేటకి వెళ్ళే మన పిల్లలకి మాత్రం ఈ పాత హిసాబ్ పనికొస్తుంది. అక్కడ కొండవాలు ఖుల్లా, రెండు మూడు వందల గజాలు మామూలు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తరవాత అరగంట దాకా ఇజాజత్. దుకాణంవాడు 3 నుంచి 9 రెట్ల స్కోపు, 40 మిల్లీమీటర్ల అద్దం చూపిస్తాడు. మసక వేళ దాన్ని 5 మీద పెడితే చుక్క 8 మిల్లీమీటర్లు, 9 మీద పెడితే నాలుగున్నర కూడా రాదు. పేల్చే ముందు ఇంకో లెక్క మీరే వేసుకోవాలి. ఆ ఎత్తులో, ఆ మంచులో, బరువు మోసుకుంటూ రెండు వందల గజాలు వెళ్ళడానికి మీకు ఎన్ని నిమిషాలు పడుతుంది? మీ మస్లక్ హనఫీ అయితే స్కోపు అంకె కంటే ముందు ఆ నిమిషాలు చూసుకోండి. గూడెంలో ముసలి షికారీ అదే చూసుకునేవాడు, మక్ఖీలోంచి.