గిర్మిట్ నుంచి హెచ్-1బి దాకా: కాగితం ఎవరి చేతిలో ఉంది?

వజ్రకరూరు అంటే మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందికి గుర్తొచ్చేది ఏటా పేపర్లో వచ్చే వార్తే. తొలకరి పడింది, జనం చేలల్లో వజ్రాలు వెతుకుతున్నారు, ఎవరికో రాయి దొరికింది, వ్యాపారి కొనేశాడు... అంతే. దీన్ని హెచ్-1బి లాటరీతో పోల్చి జోకులేసేవాళ్ళూ ఉన్నారు (మార్చిలో తగలకపోతే జూన్‌లో వజ్రకరూరు పోదాం అని :)). జోకు బానే ఉంది గానీ, వీసాల సంగతికి ఇంతకన్నా దగ్గరైన ముచ్చట ఒకటుంది. ఒకప్పుడు ఈ ఊరికి పని మీద ఎవరొచ్చారు, అదే కాలంలో ఇదే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పని కోసం ఎవరెళ్ళారు అన్నది.

దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనులు బయటపడ్డాక, 1880లలో తెల్లవాళ్ళ చూపు మళ్ళీ మా సీమ వజ్రాల మీద పడింది. షాపే అనే ఫ్రెంచి భూవిజ్ఞాని వజ్రకరూరులో తిరిగి, ఇక్కడి వజ్రాలు పెగ్మటైటు రాతిలో ఉన్నాయని 1884లో రాశాడు. తర్వాతి వాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. అసలు మూలం కింబర్లైటు పైపులని ఆ తర్వాత తేలింది. మాకు దక్షిణాన కోలారులో అయితే జాన్ టేలర్ కంపెనీ ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళనే దింపింది. వాళ్ళే అప్పటి "స్కిల్డ్ ఫారిన్ ప్రొఫెషనల్స్" అన్నమాట. కంపెనీతో కాంట్రాక్టు ఉంటే చాలు, వీసా అడిగేవాడే లేడు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 1876-78 కరువు బళ్ళారి, అనంతపురం ప్రాంతాన్ని ఎంత దెబ్బ తీసిందో వేరే చెప్పక్కర్లేదు (అనంతపురం జిల్లాగా విడిపోయింది 1882లో, అప్పటిదాకా ఇదంతా బళ్ళారే). ఆ రోజుల్లో మద్రాసు రేవు నుంచి తెలుగువాళ్ళూ తమిళులూ కాంట్రాక్టు మీద చెరుకు తోటలకి ఓడలెక్కుతున్నారు. "ట్రూరో" అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్‌కి వెళ్ళిన మొదటి కూలీల ఓడ అదే. అగ్రిమెంటు అన్న మాట నోరు తిరక్క "గిర్మిట్" అయింది. ఐదేళ్ళు ఒకే యజమాని దగ్గర చెయ్యాలి, చెప్పకుండా తోట దాటితే నేరం. ఇక్కడ గమనించాల్సింది జీతం ఎంతన్నది కాదు. పని మానేస్తే మనిషి ఉద్యోగంతో పాటు స్వేచ్ఛ కూడా పోగొట్టుకుంటాడు. కార్న్‌వాల్ వాడిదీ కాంట్రాక్టే, మన కూలీదీ కాంట్రాక్టే. ఒకడికి నచ్చకపోతే ఇంకో గని, రెండోవాడికి జైలు.

ఐదేళ్ళూ అయిపోయాక? నేటాల్ ప్రభుత్వం 1895లో ఇంకో మెలిక పెట్టింది. తిరిగి ఇండియా వెళ్ళు, లేదా మళ్ళీ గిర్మిట్ రాయి, రెండూ కాదంటే ఏడాదికి మూడు పౌండ్లు పన్ను కట్టు. 1913లో గాంధీ నడిపిన సమ్మె తర్వాత 1914లో గానీ ఆ పన్ను పోలేదు. ఆరేళ్ళ లిమిటు అయిపోతోందని క్యాలెండరు చూసుకునే మన వాళ్ళకి ఈ లెక్క కొత్తగా అనిపించదు. అంతమాత్రాన హెచ్-1బి, గిర్మిట్ రెండూ ఒకటే అనే వాళ్ళతో నేను ఏకీభవించను. అది ఆ తోటల్లో చచ్చిపోయిన వాళ్ళని అవమానించడమే. కానీ "కాగితం యజమాని చేతిలో" అన్న ముడి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

అమెరికా సంగతికొస్తే, 1917 చట్టంతో మనకి దాదాపు తలుపు మూసేశారు. 1946లో తెరిచినా ఏడాదికి వంద మందే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో చదువు కోసమని వెళ్ళి, 1948లో చనిపోయేదాకా అమెరికా పౌరుడు కాకుండానే అంత పని చేశారు. ఆయన ప్రయాణానికి సాయంగా నిలిచింది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. ఆ నాయకర్ గారు రంగూన్ వెళ్ళి సంపాదించినవారు. వలసలో వచ్చిన డబ్బు ఇంకో వలసకి స్పాన్సర్ అయిందన్నమాట!

హెచ్-1 అనే అక్షరం 1952 చట్టంలో పుట్టింది. మనకి తెలిసిన హెచ్-1బి 1990 చట్టంతో వచ్చింది, ఏడాదికి 65,000. వైటుకే, డాట్‌కామ్ ఊపులో 1998 చట్టం దాన్ని 1,15,000 చేసింది, 2000 చట్టం 1,95,000 చేసింది. 2004 ఆర్థిక సంవత్సరానికి మళ్ళీ 65,000కే దిగింది, ఆ పైన అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి 20,000 కలిపారు. మన చర్చలన్నీ ఈ అంకెల చుట్టూనే తిరుగుతాయి. నా దృష్టిలో ఆ రెండు చట్టాల్లో అసలైనవి వేరే.

1998 చట్టం బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందే అంది. మధ్యలో మానేస్తే జరిమానా వసూలు చెయ్యకూడదంది (నిజమైన నష్టపరిహారానికి మాత్రం సందు ఉంచింది, మన కన్సల్టెన్సీల బాండ్లన్నీ దూరేది ఆ సందులోనే). 2000 అక్టోబరు చట్టం ఇంకో మెట్టెక్కింది. కొత్త కంపెనీ పిటిషన్ వేసిన రోజే అందులో చేరిపోవచ్చు. అంతకు ముందు అప్రూవల్ వచ్చేదాకా పాత కంపెనీలో నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. మూడేళ్ళ తేడాతో వెళ్ళిన ఇద్దరు అన్నదమ్ముల్ని అడిగి చూడండి, ఈ ఒక్క క్లాజు విలువ తెలుస్తుంది. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు 2017లో గానీ రాలేదు.

ఇంత చేసినా ముడి పూర్తిగా వీడలేదు, గ్రీన్‌కార్డులోకి జరిగిందంతే. దరఖాస్తు కంపెనీదే, పైగా ఏ దేశానికైనా 7 శాతం మించకూడదనే లెక్క. ఇక మన వాళ్ళ క్యూ సంగతి మీకు తెలిసిందే.

కువైట్ వెళ్ళే కడప, రాయచోటి వాళ్ళని అడిగితే దీన్ని ఒక్క ముక్కలో చెప్పేస్తారు: కఫీల్. అక్కడ "ఆజాద్ వీసా" అని ఒకటుంది, పేరుకి ఒకడు స్పాన్సరు, పని ఇంకెక్కడో. మన బాడీ షాపింగ్‌కి దానికి తేడా ఏమిటో నాకైతే కనపడదు, మనం ఇంగ్లీషులో మాట్లాడతాం అంతే. కతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చని చట్టం మార్చింది. మనం తక్కువ చేసి మాట్లాడే గల్ఫులో కూడా కదిలింది ఇదే ముడి.

లాటరీలోనూ ఇదే కథ నడిచింది. 2023లో 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు వస్తే, అందులో సగానికి పైగా ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవి. 2024 నుంచి కంపెనీ దరఖాస్తుని కాకుండా మనిషిని, అంటే పాస్‌పోర్టుని లెక్కలోకి తీసుకున్నారు. రిజిస్ట్రేషన్లు ఆ ఏడే 4.8 లక్షలకి పడిపోయాయి. చాలామంది దీన్ని మోసాలకి అడ్డుకట్ట అనే చూశారు. నాకు మాత్రం, ఎంతోకొంత కాగితం మనిషి పేరు మీదికి రావడం అందులో పెద్ద విషయం.

ఆ తర్వాత 2025 సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవాళ్ళకి వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. చాలామంది తలుపు మూతపడింది అన్నారు. నా భయం వేరే. ఒక మనిషి మీద లక్ష డాలర్లు పెట్టిన కంపెనీ, వాడు ఆర్నెల్లకే ఇంకో కంపెనీకి పోతుంటే చూస్తూ ఊరుకోదు, ఏదో ఒక రూపంలో బాండు రాయించుకుంటుంది. 1859లో బ్రిటిష్ ఇండియాలో, అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని శిక్షించే చట్టం ఒకటి వచ్చింది. పెట్టిన అడ్వాన్సు మునిగిపోతోందని కలకత్తా వ్యాపారులు పట్టుబట్టి చేయించుకున్నది అది. రద్దయ్యేసరికి 1925 వచ్చింది.