నాన్న ఇంటి బండికి రెండో ఆయిల్ ఫిల్టర్ కావాలా?

మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే చర్చ. అమ్మ దీన్ని "ఆయిల్ గొడవ" అంటుంది. ఈ వ్యాసం ఆ గొడవలోంచి పుట్టింది, అందుకే ఈసారి కొత్త మాటలన్నీ ఇంజన్ మాటలే. నాకు కూడా సగం మాటలు ఈ రెండు నెలల్లోనే వచ్చాయి. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

మేము స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం. మాకు ఒక పాత మోటర్‌హోమ్ ఉంది. జర్మన్‌లో వోన్‌మొబీల్ అంటారు, నేను తెలుగులో "ఇంటి బండి" అంటాను. 1984లో తయారైన మెర్సిడెస్ 207డి, డీజిల్ ఇంజన్. నాన్న ఈ ఏడాదే రిటైర్ అయ్యారు. వచ్చే వేసవిలో అమ్మతో కలిసి నార్వే ఉత్తర కొసదాకా వెళ్లాలని ఆయన కోరిక. దారిలో ఇంజన్ పోతే ఇంకో బండి కొనే డబ్బు మా దగ్గర లేదు. సరిగ్గా అప్పుడే ఒక అమ్మకందారు నాన్నకు కలిశాడు. "ఇంజన్‌కి రెండో ఫిల్టర్ పెట్టించండి, 400 యూరోలు. ఇక జన్మలో ఆయిల్ మార్చక్కర్లేదు" అన్నాడట. నాన్న దాదాపు డబ్బు కట్టేశారు.

ఆగమని నేను అన్నాను. "నువ్వు చదివింది చరిత్ర. ఇంజన్ గురించి నీకేం తెలుసు?" అన్నారు నాన్న. నిజమే. అందుకే నాకు తెలిసిన దారిలోనే వెళ్లాను. ఈ రెండో ఫిల్టర్ అనే ఆలోచన ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది అని వెతికాను.

మొదటి కార్లలో ఇప్పుడు మనం చూసే ఆయిల్ ఫిల్టర్ ఉండేది కాదు. పెద్ద చెత్తను ఆపే లోహపు జల్లెడ ఉండేది, అంతే. ఆయిల్ త్వరగా పాడయ్యేది, త్వరగా మార్చేవారు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ అనే ఆయన ప్యూరోలేటర్ అనే ఫిల్టర్‌ని రూపొందించారు. మరుసటి ఏడాది వచ్చిన మొదటి క్రైస్లర్ కారులో ఆయిల్ ఫిల్టర్ ఉంది.

నన్ను ఆపేసిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఆ తొలి ఫిల్టర్లు ఆయిల్ మొత్తాన్ని వడకట్టేవి కావు. కొంచెం ఆయిల్ మాత్రమే పక్కకు వెళ్లి, శుభ్రపడి, మళ్లీ అడుగు తొట్టిలోకి వచ్చేది. మిగతాది వడకట్టకుండానే ఇంజన్‌లోకి వెళ్లేది. దీన్ని ఇంగ్లీషులో బైపాస్ ఫిల్టర్ అంటారు, జర్మన్‌లో నేబెన్‌ష్ట్రోమ్‌ఫిల్టర్. "నేబెన్" అంటే పక్క, "ష్ట్రోమ్" అంటే ప్రవాహం. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లకి ఇది చెప్పడం తేలిక: పెద్ద కాలువ, పిల్ల కాలువ. పిల్ల కాలువలో నీళ్లు నెమ్మదిగా పారతాయి, అందుకే అక్కడ సన్నటి బట్ట కట్టినా ఫరవాలేదు. పెద్ద కాలువకు అదే బట్ట అడ్డం కడితే నీళ్లు ఆగిపోతాయి. ఇంజన్‌కి ఆయిల్ ఒక్క నిమిషం ఆగినా ప్రమాదమే.

తర్వాత, ముఖ్యంగా 1940ల నుంచి, ఆయిల్ మొత్తం దాటే ఫుల్‌ఫ్లో ఫిల్టర్లు మామూలయ్యాయి. ఇది పెద్ద కాలువ ఫిల్టర్ కాబట్టి దీని కాగితం రంధ్రాలు కొంచెం పెద్దవి. పైగా ఇందులో ఒక వాల్వ్ ఉంటుంది. చలికి ఆయిల్ చిక్కబడినా, ఫిల్టర్ మూసుకుపోయినా అది తెరుచుకుంటుంది. అప్పుడు ఆయిల్ వడకట్టకుండా వెళ్తుంది. మురికి ఆయిల్ మంచిది కాదు గానీ ఆయిల్ లేకపోవడం కంటే నయం.

ఇక జర్మనీ. రుడోల్ఫ్ డీజిల్ ఇంజన్ 1897లో ఔగ్స్‌బుర్గ్‌లో విజయవంతంగా నడిచింది. కార్లలోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1936లో మెర్సిడెస్ 260డి వచ్చింది, మొత్తం దాదాపు 2,000 బండ్లు తయారు చేశారు. 1941లో, యుద్ధం మధ్యలో, మాకు దగ్గరే ఉన్న లుడ్విగ్స్‌బుర్గ్‌లో అడోల్ఫ్ మాన్, ఎరిక్ హుమ్మెల్ కలిసి మాన్ ప్లస్ హుమ్మెల్ అనే ఫిల్టర్ల కంపెనీ పెట్టారు. ఇప్పుడు మా బండిలో ఉన్న ఫిల్టర్ మీద కూడా ఆ పేరే ఉంది.

డీజిల్‌తో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది: మసి. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు.) మసి రేణువు ఒక మైక్రాన్ కంటే కూడా చిన్నది. దాన్ని మామూలు ఫిల్టర్ కాగితం పట్టలేదు. అమ్మ కాఫీ ఫిల్టర్‌లో పొడి ఆగిపోతుంది గానీ డికాషన్ రంగు దిగిపోతుంది కదా, అలా.

మరి మసిని ఏం చేయాలి? జవాబు ఫిల్టర్ వాళ్ల దగ్గర నుంచి రాలేదు, ఆయిల్ చేసేవాళ్ల దగ్గర నుంచి వచ్చింది. 1930లలో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ల డీజిల్ ఇంజన్లలో పిస్టన్ రింగులు జిగురు పట్టి బిగుసుకుపోయేవి. దాంతో ఆయిల్‌లో శుభ్రం చేసే రసాయనాలు కలపడం మొదలైంది. తర్వాత వచ్చిన రసాయనాలు మసి రేణువులను ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉంచుతాయి. మన ఊళ్లలో బురద నీళ్లలో పటిక తిప్పుతారు, బురద ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. ఇది దానికి సరిగ్గా తలకిందులు. విడివిడిగా ఉన్న మసి ఇంజన్‌కి పెద్దగా హాని చేయదు. ఆయిల్ నల్లగా కనిపిస్తే అది పని చేస్తోందని అర్థం. నాన్న ఇది నమ్మడానికి వారం పట్టింది. కానీ ఆ రసాయనాలు ఎప్పటికీ ఉండవు, ఖర్చయిపోతాయి. మామూలు ఫిల్టర్ వాటిని తిరిగి నింపలేదు.

ఒక శనివారం నాన్న, నేను కలిసి బండి ముందు మూత తెరిచాం. మా ఇంజన్ పేరు ఓఎం 616, నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. ఫిల్టర్ డబ్బా పైన రెండు నట్లు విప్పితే మూత వస్తుంది. లోపలి ఫిల్టర్‌ని బయటికి తీసి చూస్తే అది ఒకటి కాదు, రెండు! పైన పెద్ద భాగం, కింద చిన్న భాగం. పైది పెద్ద కాలువకు, కిందది పిల్ల కాలువకు. అంటే 400 యూరోలకు అమ్మజూపిన బైపాస్ ఫిల్టర్ చిన్న రూపంలో ఫ్యాక్టరీలోనే పెట్టారు. అదే ఫిల్టర్‌ని నాన్న ఏళ్లుగా మారుస్తూనే ఉన్నారు. నాన్న ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని టీ పెట్టమన్నారు.

అయినా ఆయన ఓడిపోలేదు. "స్టుట్‌గార్ట్ మ్యూజియంలో గ్రీకు టాక్సీ చూశావా? 46 లక్షల కిలోమీటర్లు!" అన్నారు. చూశాను. గ్రెగోరియోస్ సాచినిదిస్ అనే డ్రైవర్ నడిపిన 1976 నాటి 240డి. దాని ఇంజన్ మా బండిలోని రకమే. కానీ ఆ టాక్సీలో ఇంజన్లు చాలాసార్లు మార్చారు. ఈ మాట చెబితే నాన్న మొహం చిన్నబోయింది. చెప్పకుండా ఉండాల్సిందేమో.

నాన్న పక్షాన బలమైన సాక్ష్యం ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1988లో జనరల్ మోటర్స్ ఇంజనీర్ల పరిశోధన ఒకటి వచ్చింది. డీజిల్ ఇంజన్‌లో 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే, 30 మైక్రాన్ల ఫిల్టర్‌తో అరుగుదల 50 శాతం తగ్గింది, 15 మైక్రాన్ల ఫిల్టర్‌తో 70 శాతం తగ్గింది. సన్నటి ఫిల్టర్లు అమ్మేవాళ్లకి ఈ అంకెలంటే చాలా ఇష్టం. కానీ ఆ పరీక్షలో ఆయిల్‌లో కావాలనే దుమ్ము కలిపారు. ఇంజన్‌లోకి అంత దుమ్ము వస్తే సన్నటి ఫిల్టర్ తప్పకుండా కాపాడుతుంది. మా బండిలోకి ఎంత దుమ్ము వస్తోంది? అది అసలు ప్రశ్న.

ఇక్కడ తాతయ్య కథలోకి వస్తారు. ఆయన 1960లలో విజయవాడలో బెంజి లారీ నడిపారు. టాటా కంపెనీ 1954లో డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేసింది. 1969 దాకా వాటి ముందు మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. నేను వీడియో కాల్‌లో మా గొడవంతా చెప్పాను. ఆయన విని, "ముందు గాలి చూడు తల్లీ, ఆయిల్ సంగతి తర్వాత" అన్నారు. నేను కిటికీలోంచి చూసి, "ఇక్కడ వాన పడుతోంది తాతయ్యా" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. ఆయన చెప్పింది ఎయిర్ ఫిల్టర్ గురించి!

ఆ లారీల్లో గాలి లోపలికి వెళ్లేముందు ఒక గిన్నెలోని ఆయిల్‌ని తాకి వెళ్లేది, దుమ్ము అందులో అంటుకునేది. మట్టి రోడ్ల మీద తిరిగొస్తే గిన్నె అడుగున బురద పేరుకునేదట. దాన్ని తీయడం క్లీనర్ కుర్రాడి పని. తాతయ్య ఆ పని ఎవరికీ వదలకుండా తనే చేసేవారట.

నేను మా ఇంజన్ ఆయిల్ కొంచెం చిన్న సీసాలో పోసి ఒక ల్యాబ్‌కి పంపాను. రిపోర్టులో మసి మామూలుగానే ఉంది. సిలికాన్ మాత్రం ఎక్కువగా ఉంది. సిలికాన్ ఇసుకలో ఉంటుంది, అంటే ఎక్కడి నుంచో దుమ్ము వస్తోంది. వెతికితే ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం కింది వైపు పగిలి ఉంది. పై నుంచి చూస్తే కనబడదు. కొత్త గొట్టం ధర 23 యూరోలు. రెండో ఫిల్టర్ పెట్టించి ఉంటే అది ఆ దుమ్ములో కొంత పట్టేదే, కానీ పగులు అలాగే ఉండిపోయేది.

ఇంకో లెక్క కూడా ఉంది. 207డి సరుకుల వ్యాన్‌గా పుట్టింది. అలాంటి వ్యాన్ రోజంతా తిరుగుతుంది, ఇంజన్ వేడిగా ఉంటుంది. అదే ఇంజన్ మీద ఇల్లు కడితే అది చలికాలమంతా నిలబడి ఉంటుంది. జర్మనీలో 1997 నుంచి సీజన్ నంబర్ ప్లేటు కూడా ఉంది, ఏడాదిలో కొన్ని నెలలే నడిపేవాళ్ల కోసం. మా బండికి అదే. ఏడాదికి 5,000 కిలోమీటర్లు. ఇలాంటి ఇంజన్‌లో ఆయిల్‌ని పాడుచేసేది కిలోమీటర్లు కాదు, కాలం. చల్లటి ఇంజన్‌లో నీళ్లు చేరతాయి, కాలని డీజిల్ చేరుతుంది, ఆమ్లాలు పుడతాయి. మందపాటి బైపాస్ ఫిల్టర్ నీళ్లను కొంత పీల్చగలదు. డీజిల్‌ని, ఆమ్లాన్ని పీల్చలేదు. కాబట్టి ఏడాదికోసారి ఆయిల్ ఎలాగూ మార్చాలి. మాకు దానికి సుమారు 60 యూరోలు. ఫిల్టర్ వల్ల ఆ ఖర్చు తగ్గదు, పైగా దాని లోపలి చుట్ట కూడా మార్చాలి. పాత ఆయిల్ పారబోయడం సమస్య అనుకునేవారికి: జర్మనీలో ఆయిల్ అమ్మిన దుకాణం అంతే పాత ఆయిల్‌ని ఉచితంగా వెనక్కి తీసుకోవాలి. రసీదు దాచుకోండి.

కొత్త మోటర్‌హోమ్‌లు ఉన్నవాళ్ల సంగతీ దాదాపు ఇంతే. పొగలోని మసిని కాల్చేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, దానికి ఫిల్టర్ మందు కాదు. ఏడాదికి 40, 50 వేల కిలోమీటర్లు నడిపేవాళ్లకి, ఎడారుల్లో తిరిగేవాళ్లకి, లారీలకు, ఓడలకు మాత్రం బైపాస్ ఫిల్టర్ నిజంగా పనికొస్తుంది. తాతయ్య లారీకి నేనైతే తప్పకుండా పెట్టించేదాన్ని.

గొట్టం మార్చి 2,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఆయిల్ పంపాం. సిలికాన్ తగ్గింది. నాన్న ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక అట్ట ముక్క మీద తెలుగులో రాసి ఇంజన్ మూత లోపల అంటించారు. ఆ అమ్మకందారు కార్డు మాత్రం ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. తీసేయబోతే "ఉండనీ" అన్నారు.