టీవీకీ ఓ మాతృభాష

పెద్దబ్బాయి అమెరికా నుంచి కలర్ టీవీ తెచ్చాడని 1980లలో మురిసిపోయిన తల్లులు ఎందరో! తీరా ట్రాన్స్‌ఫార్మరు కొని పెట్టినా బొమ్మ నిలవదు, రంగు రాదు. అదే దుబాయి టీవీ అయితే హాయిగా పలికేది.

ఈ వింతకి మూలం ఇంట్లోకొచ్చే కరెంటేనని చదివి ఆశ్చర్యపోయాను. అమెరికా కరెంటు సెకనుకి 60 సైకిల్స్; దానికి తగ్గట్టు టీవీలో సెకనుకి 30 బొమ్మలు, బొమ్మకి 525 గీతలు పెట్టుకున్నారు. రంగులకి 1953లో ఎన్.టి.ఎస్.సి. పద్ధతి ఖాయం చేశారు. యూరప్ కరెంటు 50 సైకిల్స్. అందుచేత అక్కడ 25 బొమ్మలు. గీతలు 625. పశ్చిమ జర్మనీ ఇంజనీరు వాల్టర్ బ్రూఖ్ రూపొందించిన ‘పాల్’ పద్ధతి 1967లో అక్కడ ప్రసారాలకెక్కింది. మన కరెంటూ 50 సైకిల్సే కదా! 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది, మనమూ పాల్ రంగులనే తెచ్చుకున్నాం. దుబాయిదీ అదే.

మెట్టినింటి భాష మనం నేర్చుకున్నట్టు ఆ అమెరికా టీవీలు నేర్చుకోలేకపోయాయి మరి! ఇప్పుడు యాంటెన్నా జంజాటం తగ్గినా, టీవీ మోసుకొచ్చే ముందు వెనక అంటించిన చీటీ చదవండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే కరెంటు భయం లేదు. 120 మాత్రమే ఉందా, మన 230కి మాడి ఊరుకుంటుంది!